165/80 ఆర్14 తీసేసి ఏం వేయాలి? టైరు, రిమ్ము సైజుల లెక్క

స్విఫ్ట్ కింది వేరియంట్ టైరు మీద 165/80 ఆర్14 అని ఉంటుంది. పై వేరియంట్ టైరు మీద 185/65 ఆర్15. మూడు అంకెలూ మారిపోయాయి కాబట్టి రెండోది బాగా పెద్ద టైరు అనుకుంటాం. కానీ లెక్క వేసి చూస్తే నేల నుంచి పై అంచు దాకా మొదటిది సుమారు 620 మిల్లీమీటర్లు, రెండోది 621 పైచిలుకు. తేడా 2 మిల్లీమీటర్లు కూడా లేదు. డిజైర్ సంగతీ ఇంతే.

అంటే కంపెనీ ఒకే కారుకు రెండు సైజులు ఇచ్చినప్పుడు బయటి ఎత్తును కదపలేదు. లోపలి వాటాలు మాత్రమే మార్చింది. రిమ్ము ఒక అంగుళం పెరిగింది, రబ్బరు ఆ మేరకు తగ్గింది. టైరు సైజు మారుద్దామనుకునే ఎవరైనా ముందు ఇది పట్టుకుంటే మిగతాదంతా తేలిక.

మొదటి సెట్టు అరిగిపోయి టైర్ల షాపుకు వెళ్లినప్పుడు వచ్చే మాట అందరికీ తెలిసిందే. "ఎలాగూ మారుస్తున్నారు కదా సార్, 185 వేసేద్దాం. గ్రిప్ అదిరిపోతుంది." ఏ 185? 185/70నా, 185/65నా? 14కా, 15కా? ఇవన్నీ వేర్వేరు టైర్లు, వాటితో బండి నడిచే తీరూ వేరు. షాపువాడు చెప్పే 185 చాలాసార్లు ఆ రోజు ర్యాకులో ఉన్న 185. అందుకే ఈ లెక్క ఇంట్లోనే వేసుకుని వెళ్లడం మంచిది. ఇక్కడ 165/80 ఆర్14తో వచ్చిన స్విఫ్ట్, డిజైర్‌లనే పట్టుకుని చెబుతాను. పెద్ద టైర్లకు మార్పించే కార్లలో అవి తరచూ కనిపిస్తాయి. మీ కారు వేరేదైనా పద్ధతి మారదు.

అంకెల్లో ఏముంది

165 అంటే టైరు అడ్డంగా ఎంత వెడల్పో మిల్లీమీటర్లలో. ఇది రోడ్డుకు ఆనే భాగం కాదు, గాలి నింపిన టైరుకు ఒక పక్క గోడ నుంచి రెండో పక్క గోడ దాకా ఉండే కొలత. అందుకే ఒకే సైజులో రెండు కంపెనీల టైర్లు పక్కపక్కన పెడితే ఒకటి కాస్త లావుగా కనిపిస్తుంది.

80 అనేది మిల్లీమీటర్లు కాదు, శాతం. చాలామంది పొరపడేది ఇక్కడే. పక్క గోడ ఎత్తు, వెడల్పులో 80 శాతం అని అర్థం. 165లో 80 శాతం అంటే 132 మిల్లీమీటర్లు. 185/65లో గోడ ఎత్తు 185లో 65 శాతం, అంటే 120. శాతం కాబట్టే వెడల్పు మారితే అదే 65 కూడా వేరే ఎత్తవుతుంది. 185/65 గోడ, 205/65 గోడ ఒకటి కావు.

ఆర్ అంటే రేడియల్. ఈ రోజుల్లో కార్లకు వచ్చేవన్నీ అవే కాబట్టి దాన్ని దాటేయొచ్చు. కొందరు రేడియస్ అనుకుంటారు, అది కాదు. చివరి 14 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. వెడల్పు మిల్లీమీటర్లలో, రిమ్ము అంగుళాల్లో ఎందుకని అడిగితే, పొలాన్ని ఎకరాల్లో, స్థలాన్ని గజాల్లో, గదిని అడుగుల్లో కొలిచే మనకు అదేమంత వింత కాదు.

మొత్తం ఎత్తు కావాలంటే గోడ ఎత్తును రెండింతలు చేసి (పైన ఒకటి, కింద ఒకటి), రిమ్మును 25.4తో గుణించి కలపాలి. 132 రెండింతలు 264. 14 అంగుళాలు 355.6. మొత్తం 619.6.

అమెరికాలో ఉన్న మనవాళ్ల కార్ల టైర్ల మీద చాలావాటికి ముందు పి అనే అక్షరం ఉంటుంది. ప్యాసింజర్ కారు టైరని దాని అర్థం. లెక్క మాత్రం ఇదే.

షాపులో వినబడే సైజులు, పక్కపక్కన

అసలు టైరుతో పోల్చి, శాతాలు దగ్గరి అంకెకు సరిచేసి రాస్తున్నాను.

165/80 ఆర్14: గోడ 132, మొత్తం 619.6. ఇది మన కొలబద్ద.
175/70 ఆర్14: గోడ 122.5, మొత్తం 600.6. 3.1 శాతం చిన్నది.
185/65 ఆర్14: గోడ 120, మొత్తం 596.1. 3.8 శాతం చిన్నది.
185/70 ఆర్14: గోడ 129.5, మొత్తం 614.6. 0.8 శాతం చిన్నది.
185/65 ఆర్15: గోడ 120, మొత్తం 621.5. 0.3 శాతం పెద్దది.
195/65 ఆర్15: గోడ 127, మొత్తం 634.5. 2.4 శాతం పెద్దది.
205/65 ఆర్15: గోడ 133, మొత్తం 647.5. 4.5 శాతం పెద్దది.
195/55 ఆర్16: గోడ 107, మొత్తం 620.9. 0.2 శాతం పెద్దది.
205/45 ఆర్17: గోడ 92, మొత్తం 616.3. అర శాతం చిన్నది.

ఇందులో చివరి అంకె ఒక్కటే చూస్తే 16, 17 అంగుళాలు కూడా భేషుగ్గా సరిపోయినట్టే ఉంటుంది. కానీ గోడ ఎత్తు చూడండి. 132 నుంచి 92కి పడిపోయింది. గుంతలో చక్రం పడినప్పుడు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ఉండేది ఆ గోడే. దాంట్లో నాలుగు సెంటీమీటర్లు పోగొట్టుకుని మన కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద తిరగాలి. కొలత సరిపోవడం వేరు, రోడ్డుకు సరిపోవడం వేరు.

మొత్తం ఎత్తు ఎందుకు ముఖ్యమంటే, కారు వేగాన్నీ దూరాన్నీ చక్రం తిరిగిన చుట్లను బట్టే లెక్కిస్తుంది. 185/65 ఆర్14 వేస్తే చక్రం చిన్నది, ఎక్కువ చుట్లు తిరుగుతుంది. మీటరు 100 చూపిస్తున్నప్పుడు బండి పాత టైర్లతో వెళ్లిన దానికన్నా దాదాపు 4 తక్కువ వేగంతో పోతుంటుంది. దాంతో ప్రమాదం లేదు. కానీ ఓడోమీటర్ కూడా అదే దారిలో తప్పు చెబుతుంది. నిజంగా 1000 కిలోమీటర్లు తిరిగితే 1039 చూపిస్తుంది. ట్యాంకు ఫుల్ చేసి మైలేజీ లెక్కేస్తే "టైర్లు మార్చాక మైలేజీ పెరిగింది" అని సంబరపడతాం. పెరిగింది మైలేజీ కాదు, లెక్కలో కిలోమీటర్లు. సర్వీసు కూడా ముందే వచ్చినట్టు కనిపిస్తుంది. పెద్ద టైరు వేస్తే ఇదంతా తిరగబడుతుంది. 205/65 ఆర్15తో మీటరు 100 దగ్గర ఉంటే, వేగం అసలు టైరుతో ఉండేదానికన్నా నాలుగున్నర ఎక్కువ. స్పీడ్ కెమెరా ముందు ఆ సంగతి పనికిరాదు.

3 శాతం దాకా అటూ ఇటూ పర్లేదని చాలామంది మెకానిక్కులు చెబుతారు. చిన్నవైపు అయితే నేనూ పెద్దగా పట్టించుకోను. పెద్దవైపు మాత్రం ఒకటిన్నర శాతం దాటనివ్వను. మీటరు వల్ల ఒక్కటే కాదు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి నలుగురు కూర్చుంటే వీల్ ఆర్చ్ లోపలి ప్లాస్టిక్‌కు టైరు రాసుకునేది ఆ వైపునే.

గ్రౌండ్ క్లియరెన్స్ కోసం టైరు పెంచేవాళ్లకు ఒక మాట. టైరు ఎత్తులో ఎంత పెరిగిందో అందులో సగమే బండి పైకి లేస్తుంది. 205/65 ఆర్15 వేసి ఇంత తంటా పడితే దక్కేది 14 మిల్లీమీటర్లు.

ఎవరికి ఏది

*అదే సైజు, 165/80 ఆర్14.* దీన్ని చిన్నచూపు చూస్తారు. చూడటానికి సన్నగా, పేదగా ఉంటుందని. నా లెక్కలో అయితే ఊరి రోడ్లు, కంకర దారులు, కాలవ గట్ల మీద ఎక్కువ తిరిగే బండికి దీన్ని మించింది లేదు. గోడ ఎత్తు 132, కుదుపులు అది మింగేస్తుంది. స్టీల్ రిమ్ము వంకరపోతే పంక్చర్ షాపులో సుత్తితో కొట్టి సరిచేస్తారు. సన్నటి టైరు ఇంధనం తక్కువ తాగుతుంది, స్టీరింగ్ తేలిగ్గా ఉంటుంది, ధర తక్కువ. ట్యాక్సీ తిప్పేవాళ్లు చాలామంది దీన్ని మార్చరు, వాళ్లకు లెక్క బాగా తెలుసు.

గ్రిప్ చాలడం లేదని అనిపిస్తే ముందు సైజును అనుమానించకండి. కొత్త కారుతో వచ్చే టైర్లను కంపెనీలు మైలేజీని దృష్టిలో పెట్టుకుని ఎంచుకుంటాయి. అదే సైజులో రబ్బరు మెత్తగా ఉండే మంచి మోడల్ వేస్తే తడి రోడ్డు మీద బ్రేకు తేడా తెలుస్తుంది. సాదా 185 కన్నా మంచి 165 నయం. ఇది షాపులో చెప్పరు, ఎందుకంటే 165/80లో వాళ్ల దగ్గర రెండు మూడు మోడళ్లకు మించి ఉండవు.

*185/70 ఆర్14, ఉన్న స్టీల్ రిమ్ము మీదే.* రిమ్ములు కొనకుండా టైరు వెడల్పు చేసుకోవాలంటే సరైన దారి ఇదొక్కటే. మొత్తం ఎత్తు 5 మిల్లీమీటర్లే తగ్గుతుంది. గోడ దాదాపు అంతే. హైవే మీద 90, 100 దగ్గర బండి ఇంకాస్త నిలకడగా ఉంటుంది, మలుపుల్లో తెలుస్తుంది. పార్కింగ్‌లో స్టీరింగ్ కొంచెం బరువు, మైలేజీ కొంచెం తగ్గుదల. ఈ రెండూ ఒప్పుకునే వేయించుకోవాలి.

ఇదే దారిలో ఉన్న గొయ్యి 185/65 ఆర్14. పేరులో 185, 65 రెండూ ఉండటంతో "టాప్ మోడల్ సైజు ఇదే సార్" అని అంటగడతారు. టాప్ మోడల్‌కు వచ్చేది 185/65 ఆర్15. రిమ్ము ఒక అంగుళం పెద్దది. 14కు 65 వేస్తే బండి 12 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. అసలే స్పీడ్ బ్రేకర్లకు కడుపు తగిలే డిజైర్‌లో ఐదుగురు ఎక్కితే ఆ 12 ఎక్కడ పోయిందో బాగా వినిపిస్తుంది.

*185/65 ఆర్15, పై వేరియంట్ సైజు.* చేతిలో డబ్బు ఉండి, రిమ్ములు కూడా మార్చే ఉద్దేశం ఉంటే నేను ఇదే వేయమంటాను. దీనికి కారణం అందం కాదు. ఈ సైజును ఈ బండి సస్పెన్షన్‌తో, బ్రేకులతో, మీటరుతో కంపెనీయే పరీక్షించి అమ్ముతోంది. గాలి ఎంత కొట్టాలో కూడా పై వేరియంట్ డోరు దగ్గరి స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, ఊహించే పని లేదు. ఇంట్లో ఉన్న పాత 165/80 టైరు స్టెప్నీగా అలాగే ఉంచుకోవచ్చు, ఎత్తు ఒకటే కాబట్టి. కొన్ని కార్లలో పై వేరియంట్‌కు అలాయ్ ఇచ్చి, స్టెప్నీగా కింది సైజు స్టీల్ చక్రం పెట్టేస్తారు. వాళ్ల ధీమా కూడా ఇదే లెక్క మీద.

కొత్త కారు కొన్నవాళ్లు కొందరు మోజు కొద్దీ షోరూం నుంచి నేరుగా వచ్చి కంపెనీ అలాయ్‌లు తీసేయించి పెద్దవి వేయించుకుంటారు. ఆ తీసేసిన సెట్లు టైర్ల షాపుల్లో దొరుకుతాయి. అచ్చంగా కంపెనీ రిమ్ము, బోల్టు కొలతల టెన్షన్ లేదు. బయటి బ్రాండు కొత్త అలాయ్ కన్నా నాకు ఇదే ఇష్టం. కొనే ముందు బ్యాలెన్సింగ్ మిషన్ మీద ఒట్టి రిమ్మును తిప్పించి చూడాలి. అంచు ఊగితే వద్దు. లోపలి వైపు వెల్డింగ్ మచ్చ కనిపిస్తే అసలే వద్దు.

*195/55 ఆర్16.* బలేనో పై వేరియంట్లకు కంపెనీయే ఇచ్చే సైజు ఇది. స్విఫ్ట్‌లో కూడా ఎత్తు సరిపోతుంది. హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద, మంచి నాలుగు వరుసల రోడ్ల మీద బ్రహ్మాండంగా ఉంటుంది. వర్షాకాలం నగరంలో మాత్రం గోడ 107 మిల్లీమీటర్లని గుర్తుపెట్టుకోవాలి. నీళ్లు నిండిన గుంత లోతు ఎవరికీ కనిపించదు. గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య టైరు గోడ నలిగితే లోపలి దారాలు తెగుతాయి. బయటికి ఏమీ తెలియదు. రెండు మూడు రోజులకు గోడ మీద నిమ్మకాయంత ఉబ్బు లేస్తుంది. దానికి ప్యాచ్ లేదు, వారంటీ కూడా చాలావరకు వర్తించదు. ఆ టైరు మార్చాల్సిందే.

*17 అంగుళాలు.* స్విఫ్ట్‌కు వద్దు. ఎందుకో కింద బరువు దగ్గర చెబుతాను.

ఇంకో మాట, మిగతా కార్ల గురించి. కంపెనీ ఇచ్చే రెండు సైజులూ అన్నిసార్లూ ఇంత దగ్గరగా ఉండవు. ఇన్నోవా క్రిస్టాలో 205/65 ఆర్16, 215/55 ఆర్17 మధ్య తేడా 1 శాతం లోపే. క్రెటాలో 205/65 ఆర్16 ఎత్తు 673, 215/60 ఆర్17 ఎత్తు 690. తేడా రెండున్నర శాతం. క్రెటా 16 నుంచి 17కి వెళ్లేవాళ్లు ఈ మాత్రం మీటరు తేడా ఉంటుందని ముందే తెలుసుకోవాలి.

సైజు పక్కన ఉండే అంకె, అక్షరం

165/80 ఆర్14 తర్వాత 85 టి అని ఉంటుంది. కొనేటప్పుడు దాదాపు ఎవరూ చూడని భాగం ఇదే, నిజానికి చూడాల్సింది కూడా ఇదే. 85 కిలోలు కాదు, ఒక కోడు. సరైన గాలితో ఒక్కో టైరు 515 కిలోలు మోయగలదని దాని అర్థం. 84 అంటే 500, 86 అంటే 530, 87 అంటే 545, 88 అంటే 560, 91 అంటే 615.

రూలు ఒకటే: కంపెనీ ఇచ్చిన అంకె కన్నా కిందికి దిగకూడదు. ఇప్పుడు పై జాబితా మళ్లీ చూడండి. 185/70 ఆర్14కు మామూలుగా 88 వస్తుంది, 185/65 ఆర్15కు 88, 195/55 ఆర్16కు 87. మూడూ పైనే. 175/70 ఆర్14కు 84, అంటే అసలు టైరు కన్నా తక్కువ. 205/45 ఆర్17 మామూలు రకానికి కూడా 84. వెడల్పు 40 మిల్లీమీటర్లు పెరిగినా మోసే శక్తి తగ్గింది. బండి బరువును మోసేది టైరులో ఉన్న గాలి, గోడ పొట్టిదైతే గాలికి చోటు తక్కువ. అదే 17లో ఎక్స్‌ట్రా లోడ్ రకం దొరుకుతుంది, దానికి 88. కానీ ఆ 88 రావాలంటే గాలి మామూలు కన్నా ఎక్కువ కొట్టాలి. అప్పటికే పొట్టిగా ఉన్న గోడకు ఆ గట్టితనం కూడా తోడైతే నడుము నొప్పి గ్యారంటీ. 17 వద్దన్నది ఇందుకే.

అక్షరం వేగానికి. ఎస్ 180, టి 190, హెచ్ 210, వి 240 కిలోమీటర్లు. మన ఎక్స్‌ప్రెస్‌వేల మీదే కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 120. కాబట్టి టి చాలు. హెచ్, వి వేస్తే నష్టం లేదు, అదనంగా డబ్బు పెట్టేంత లాభమూ లేదు. కంపెనీ హెచ్ ఇచ్చిన కారుకు టి వేయడం మాత్రం వద్దు. ఆ అక్షరం వేడిని తట్టుకునే శక్తికి కూడా గుర్తు. మే నెలలో రామగుండం వైపు మిట్ట మధ్యాహ్నం ప్రయాణం చేసేవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

రిమ్ము మీద రాతలు

టైరు గురించి నాలుగు ముక్కలు తెలిసినవాళ్లు కూడా రిమ్ము దగ్గర షాపువాడి మీదే భారం వేస్తారు. అలాయ్ లోపలి వైపు 15×5.5జె ఈటీ45 లాంటి అచ్చు ఉంటుంది. 15 వ్యాసం. 5.5 టైరు కూర్చునే చోటు వెడల్పు, అంగుళాల్లో. జె అనేది అంచు ఆకారానికి పేరు, దాన్ని వదిలేయండి.

ప్రతి టైరుకూ ఎంత వెడల్పు రిమ్ము మీద కూర్చోవచ్చో ఒక హద్దు ఉంటుంది. 165/80 ఆర్14కు 4 నుంచి 5.5 దాకా. 185/70 ఆర్14కు 4.5 నుంచి 6. 185/65 ఆర్15కు 5 నుంచి 6.5. 195/55 ఆర్16కు 5.5 నుంచి 7. కంపెనీ 14 స్టీల్ రిమ్ము మీద 5జె అని ఉంటే 185/70 నిక్షేపంగా కూర్చుంటుంది. అదే రిమ్ము మీద 195 వేయాలంటే నేను ఒప్పుకోను. టైరు మధ్యలో ఉబ్బి, నడి భాగమే ముందు అరుగుతుంది.

ఈటీ అంటే ఆఫ్‌సెట్. రిమ్ము నడిమి గీత నుంచి, హబ్బుకు (బండి వైపు చక్రాన్ని బిగించే భాగానికి) ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపు ఉందో ఆ అంకె. అంకె పెరిగితే చక్రం లోపలికి జరుగుతుంది, తగ్గితే బయటికి వస్తుంది. ఒక ఉదాహరణ చూద్దాం. కంపెనీ రిమ్ము 5.5జె, ఈటీ45. గోడకు వేలాడుతున్న అందమైన అలాయ్ 7జె, ఈటీ38. వెడల్పు ఒకటిన్నర అంగుళం పెరిగింది, అంటే ఒక్కో పక్క 19 మిల్లీమీటర్లు. ఆఫ్‌సెట్ 7 తగ్గింది కాబట్టి చక్రం మొత్తం 7 బయటికి జరిగింది. కలిపితే బయటి అంచు 26 మిల్లీమీటర్లు బయటికి, లోపలి అంచు 12 మిల్లీమీటర్లు సస్పెన్షన్ వైపుకి. బయటి 26 వల్ల వానలో డోర్లన్నీ బురద, నలుగురు ఎక్కితే ఫెండర్ (చక్రం మీది బాడీ రేకు) అంచుకు రాపిడి, వీల్ బేరింగ్ మీద అదనపు భారం. లోపలి 12 వల్ల స్ట్రట్‌కు, అంటే సస్పెన్షన్ గొట్టానికి, తగులుతుందేమో చూసుకోవాలి. షాపులో ఈ లెక్క ఎవరూ వేయరు. "ఫిట్ అయిపోతుంది సార్" అంటారు. ఫిట్ అవడానికి అవుతుంది, బోల్టులు ఎక్కుతాయి కాబట్టి.

బోల్టుల కొలత పీసీడీ. స్విఫ్ట్, డిజైర్‌లకు 4×100, అంటే నాలుగు బోల్టులు, అవి కూర్చునే వలయం వ్యాసం 100 మిల్లీమీటర్లు. క్రెటాకు 5×114.3. ఫోక్స్‌వ్యాగన్ పోలోకు 5×100. ఇది ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా రాజీ లేదు. మన దగ్గర ఎనిమిది రంధ్రాల అలాయ్‌లు బాగా అమ్ముతారు, నాలుగు 100కు, నాలుగు 108కి. రెండు రకాల కార్లకూ ఒకే స్టాకు సరిపోవడం షాపుకు సౌకర్యం, మీకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. దొరికితే నాలుగు రంధ్రాలదే తీసుకోండి.

నడి రంధ్రం కూడా చూడాలి. బయటి అలాయ్‌లకు అన్ని కార్లకూ పట్టేలా పెద్ద రంధ్రం పెడతారు. హబ్బుకూ దానికీ మధ్య ఖాళీ ఉంటే చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోక 80 దాటాక స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు. హబ్ రింగ్ అనే చిన్న ప్లాస్టిక్ లేదా అల్యూమినియం రింగు వేస్తే సరిపోతుంది. చవక వస్తువు. అడిగితేనే ఇస్తారు.

కాగితాల సంగతి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కంపెనీ ఆ మోడల్‌కు ఇచ్చే సైజుల్లోనే ఉంటే వాదనకు తావు లేదు. ఫెండర్ దాటి బయటికి వచ్చిన చక్రాలే పోలీసుల కంట పడేవి. బయటి అలాయ్‌లు వేయిస్తే పాలసీలో యాక్సెసరీగా చెప్పి రాయించుకోవాలి, లేకపోతే పోయినా పగిలినా వాటికి క్లెయిమ్ రాదు.

డబ్బు ఇచ్చే ముందు

టైరు గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని. నాలుగు టైర్లకూ చూడండి, ఎందుకంటే కొన్నిసార్లు రెండు కొత్తవి, రెండు పాతవి కలిపి ఇస్తారు. ఈ అంకెలు ఒక పక్క గోడ మీదే ఉండవచ్చు. అందుకే రిమ్ముకు ఎక్కించకముందే చూసుకోవాలి, తర్వాత బండి కింద దూరి వెతకాల్సి వస్తుంది. ఏడాది దాటిన స్టాకు నేను తీసుకోను. అంత పాతదే ఇస్తామంటే ధర తగ్గించాలి.

ఐఎస్ఐ గుర్తు ఉండాలి. బ్రాండు విషయంలో గొడవ పడను. సదాశివపేటలో ఎంఆర్ఎఫ్, తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో ఫ్యాక్టరీలు మన దగ్గరే ఉన్నాయి, మంచి టైర్లే చేస్తారు. మిగతా పెద్ద కంపెనీలవి కూడా అంతే. కావాల్సిన సైజు, లోడ్ అంకె, తాజా తేదీ మూడూ ఒకే మోడల్‌లో దొరికితే అది ఏ బ్రాండైనా తీసుకోవచ్చు.

రెండే టైర్లు మార్చే పరిస్థితి అయితే ముందూ వెనకా వేర్వేరు సైజులు పెట్టకండి. ముందు 185/70, వెనక 165/80 అని తిరిగే బండ్లు కనిపిస్తుంటాయి. తడిలో గట్టిగా బ్రేకు వేస్తే ముందు చక్రాలు రోడ్డును పట్టుకుంటాయి, వెనకవి జారి వెనక భాగం పక్కకు వెళ్తుంది. సైజు మారితే నాలుగూ మారాలి. అన్ని డబ్బులు లేకపోతే అదే సైజులో రెండు వేయించుకుని, ఆ కొత్త రెండూ వెనక పెట్టించండి.

బిగించాక అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అయ్యాక షాపు ముందే నలుగురిని ఎక్కించి స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, మెల్లగా ఒక స్పీడ్ బ్రేకర్ ఎక్కించి దించండి. తర్వాత దిగి వీల్ ఆర్చ్ లోపల ఫోన్ లైటు వేసి చూడండి. ప్లాస్టిక్ మీద తాజాగా మెరిసే గీత ఉంటే టైరు తగులుతోందని అర్థం. టైరు మీద మట్టి అంటకముందే, అప్పుడే మార్పించుకోవాలి, ఒకసారి రోడ్డు మీద తిరిగిన టైరును షాపువాడు వెనక్కి తీసుకోడు. అలాయ్ కొత్తదైతే 50, 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి బిగించాలి, చల్లారిన చక్రం మీద, ఎదురెదురు నట్లు జతగా.